శుక్రవారం సాయంత్రం, రెండున్నర మిల్లీగ్రాములు: మద్యం లేని గంజాయి పానీయాలు ఇంట్లో కలుపుకోవడం ఎలా

ఇక్కడ కెనడాలో, ఒంటారియోలోని బ్రాంప్టన్‌లో డిసెంబరు వచ్చిందంటే సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడిపోతుంది. శుక్రవారం ల్యాప్‌టాప్ మూసేసి వంటింట్లోకి వచ్చేసరికి కిటికీ అవతల ఏమీ కనబడదు. ఆ వేళకి చేతిలో ఒక గ్లాసు ఉండాలనిపించడం నాకు చాలా ఏళ్ళ అలవాటు. మొదట్లో ఆ గ్లాసులో విస్కీ ఉండేది. 2023 జనవరిలో కెనడాలో మద్యం మీద కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. వారానికి రెండు డ్రింకులు దాటితే ఆరోగ్యానికి ముప్పు పెరుగుతుందని వాటి సారాంశం. నేను ఒక్క సాయంత్రానికే రెండు దాటేవాడిని. ఆ ఏడే మద్యం మానేశాను. గ్లాసు అలవాటు మాత్రం పోలేదు. అందులో ఇప్పుడు అల్లం నిమ్మ సోడా ఉంటుంది, ఎప్పుడైనా ఒక శుక్రవారం దానిలో రెండున్నర మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, అంటే గంజాయిలో మత్తు ఇచ్చే పదార్థం, ఉంటుంది.

కెనడాలో ఉండే తెలుగువాళ్ళు ఈ పానీయాల గురించి నన్ను అడుగుతూనే ఉంటారు. చాలామంది ముందు రుచి గురించి అడుగుతారు, కొలత గురించి ఆఖరున అడుగుతారు. నా అనుభవంలో అది తలకిందుల వ్యవహారం. షర్బత్ కలపడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. కొలవడం, ఆగడం, దాచడం మాత్రం నేర్చుకోవాలి. కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

ఇది ఎవరి కోసం, ఎవరికి కాదు

ఇక్కడ రాసేదంతా కెనడాలో ఉన్న పెద్దవాళ్ళ కోసం. కెనడాలో 2018 అక్టోబరు 17న గంజాయి చట్టబద్ధమైంది. తినేవి, తాగేవి, మొక్కనుంచి తీసిన సారం సరిగ్గా ఏడాది తరవాత 2019 అక్టోబరు 17న చట్టం కిందికి వచ్చాయి. ఒంటారియోలో కనీస వయసు 19, అల్బర్టాలో 18, క్యుబెక్‌లో 21. చదువుకోవడానికి పద్దెనిమిదేళ్ళకే వచ్చిన పిల్లలు ఒంటారియోలో ఉంటే వాళ్ళకి ఇది చట్టవిరుద్ధమే. రూమ్మేట్ కొనిచ్చినా అంతే.

మన దేశంలో సంగతి వేరు. 1985 నాటి మత్తుమందుల చట్టం, ఎన్‌డీపీఎస్, పూత, కాయ ఉన్న కొసల్ని గంజాయి అంటుంది. ఆ కొసలు లేకుండా ఉన్న ఆకుని, గింజల్ని ఆ నిర్వచనంలోంచి మినహాయించింది. అందుకే ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో లైసెన్సుతో భంగు దుకాణాలు నడుస్తాయి. దీన్ని చూసి "అక్కడ భంగు అమ్ముతున్నారు కదా, ఇదీ అంతేగా" అనుకోకండి. టీహెచ్‌సీ నూనె గానీ, చుక్కలు గానీ, ఇక్కడి దుకాణంలో కొన్న క్యాన్ గానీ పెట్టెలో పెట్టుకుని శంషాబాద్‌లోనో విశాఖలోనో దిగితే అది మత్తుమందుల కేసే. ఇక్కడి బిల్లు చూపిస్తే ఎవరూ వదిలిపెట్టరు. అసలు కెనడా సరిహద్దు దాటించడమే నేరం. బయటికి తీసుకెళ్ళినా, బయటినుంచి తెచ్చినా ఒకటే.

అమెరికాలో ఉన్న బంధువులకి ఒక మాట. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. వీసా, గ్రీన్‌కార్డు, పౌరసత్వం దారిలో ఉన్నవాళ్ళు ఇమ్మిగ్రేషన్ అధికారి ముందు వాడానని ఒప్పుకున్నా చాలు, కేసు లేకపోయినా చిక్కులు రావచ్చు. మీరు హెచ్1బీలో ఉంటే ఈ వ్యాసంలోని అల్లం సోడాని అల్లం సోడాగానే చేసుకోండి. అది అలాగే బాగుంటుంది.

చట్టం ఒప్పుకున్నా ఒళ్ళు ఒప్పుకోనివాళ్ళు ఉంటారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వద్దు. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా, సైకోసిస్ లాంటి జబ్బు ఉన్నా, మీకే ఎప్పుడైనా వచ్చి ఉన్నా వద్దు. గుండె జబ్బున్నవాళ్ళు వద్దు. టీహెచ్‌సీ గుండె వేగాన్ని పెంచుతుంది. రక్తం పలచబడే మందులు, ఫిట్స్ మందులు, నిద్రమాత్రలు వాడేవాళ్ళు ముందు డాక్టరునో ఫార్మసిస్టునో అడగాలి. ఇక్కడ ఫార్మసిస్టుని అడగడానికి అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, సిగ్గుపడక్కర్లేదు కూడా. పాతికేళ్ళ లోపువాళ్ళకి మెదడు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది, వాళ్ళు ఎంత ఆలస్యంగా మొదలుపెడితే అంత మంచిది.

ఏం కొనాలి

ఇంట్లో మొక్కనుంచి సారం తీయాలనే ఆలోచన మానుకోండి. ఒంటారియోలో ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు, నిజమే. కానీ లెక్క చూడండి. 20 శాతం టీహెచ్‌సీ ఉన్న ఎండు పువ్వు ఒక్క గ్రాములో 200 మి.గ్రా. ఉంటుంది. మనకి కావలసింది 2.5 మి.గ్రా. అంటే ఒక గ్రాములో ఎనభై గ్లాసుల మోతాదు ఉంది. దాన్ని వెన్నలోనో నూనెలోనో మరిగించి, ఏ చెంచాలో ఎంత దిగిందో ఇంట్లో చెప్పడం ఎవరి తరమూ కాదు. బ్యూటేన్ లాంటి ద్రావకాలతో తీయడం చట్టం నిషేధించింది, పైగా ఇళ్ళు కాలిపోయేది అక్కడే. తక్కువ మోతాదు కావాలంటే ల్యాబులో పరీక్షించి, అంకె వేసి అమ్మే సరుకే కొనాలి.

ఒంటారియోలో ప్రభుత్వానికి చెందిన ఒంటారియో కెనబిస్ స్టోర్ ఆన్‌లైన్‌లో చట్టబద్ధంగా అమ్ముతుంది. బయట లైసెన్సు ఉన్న ప్రైవేటు దుకాణాలు ఉన్నాయి. డబ్బా మీద ఎక్సైజ్ స్టాంపు, ఎర్రటి ఎనిమిది మూలల గుర్తులో ఆకు బొమ్మ, దాని కింద టీహెచ్‌సీ అనే అక్షరాలు ఉండాలి. ఇవి లేకుండా చాక్లెట్ కంపెనీ బొమ్మల్ని పోలిన రంగురంగుల ప్యాకెట్‌లో వస్తే అది దొంగ సరుకు. అందులో ఎంత ఉందో అమ్మినవాడికీ తెలియదు.

పానీయానికి పనికొచ్చేవి మూడు రకాలు. ఒకటి, తాగడానికి సిద్ధంగా ఉన్న క్యాన్. కెనడాలో తినే, తాగే సరుకు ఏదైనా ఒక ప్యాకేజీకి 10 మి.గ్రా. టీహెచ్‌సీ దాటకూడదు. 2.5, 5, 10 మి.గ్రా. క్యాన్‌లు దొరుకుతాయి. రెండోది, నీళ్ళలో కలిసే చుక్కలు లేదా పొడి. మూడోది, నూనె సీసా. ఎక్కువగా ఎంసీటీ నూనెలో, అంటే కొబ్బరినూనె లాంటివాటినుంచి తీసే పలచటి నూనెలో, కలిపి ఉంటుంది.

వీటిలో తేడా ఎందుకంటే, టీహెచ్‌సీ కొవ్వులో కరిగే పదార్థం. నీళ్ళలో వేస్తే వంకాయ కూర మీద నూనెలా పైకి తేలి కూర్చుంటుంది. మొదటి గుక్కలోనే అంతా దిగిపోవచ్చు, లేదా గ్లాసు గోడకి అంటుకుని ఒంట్లోకి ఏమీ వెళ్ళకపోవచ్చు. చుక్కలు, పొడి తయారుచేసేవాళ్ళు ఆ నూనెని కంటికి కనబడనంత చిన్న బిందువులుగా పగలగొట్టి, తుమ్మజిగురు జాతి పదార్థాలతో కలిపి, మళ్ళీ ఒకటి కాకుండా ఆపుతారు. పాలలో వెన్న కలిసి ఉండే తీరే ఇది. కాబట్టి గుర్తుపెట్టుకోండి: సోడా, షర్బత్, మజ్జిగలకి నీళ్ళలో కలిసేదే వాడాలి, నూనె సీసా బాదం పాలకి.

గంజాయిలోనే ఉండే, మత్తు ఇవ్వని సీబీడీ అనే పదార్థం కూడా కలిసిన రకాలు ఉంటాయి. సీబీడీ ఎక్కువైతే టీహెచ్‌సీ మెత్తబడుతుందని దుకాణంలో వినిపిస్తుంది. నేను ఆ మాట మీద ఆధారపడను. 2023లో వచ్చిన ఒక పరిశోధనలో 20 మి.గ్రా. టీహెచ్‌సీతో పాటు 640 మి.గ్రా. సీబీడీ నోటి ద్వారా ఇస్తే రక్తంలో టీహెచ్‌సీ తగ్గకపోగా పెరిగింది. మనం తాగే చిన్న మోతాదులకి అది సరిగ్గా వర్తించకపోవచ్చు. అయినా సీబీడీ ఉందని టీహెచ్‌సీ పెంచుకోవద్దు.

కొలత

ఇక్కడి ఆరోగ్య శాఖ హెల్త్ కెనడా కొత్తవాళ్ళకి చెప్పే మోతాదు 2.5 మి.గ్రా. లేదా అంతకన్నా తక్కువ. నేనైతే మొదటిసారి 1 మి.గ్రా.తో మొదలుపెట్టమంటాను. ఒక సాయంత్రం వృథా అయిందనిపిస్తే వచ్చే వారం 2 మి.గ్రా. చూడొచ్చు. తొందర దేనికి?

చిన్న వంటింటి త్రాసు, 1 మి.లీ. సిరంజి ఒకటి కొనండి. సూది లేనిది, పసిపిల్లలకి మందు పోసేలాంటిది, ఏ ఫార్మసీలోనైనా దొరుకుతుంది. దాని మీద 0.01 మి.లీ. గీతలు ఉండాలి. సీసాతో వచ్చే డ్రాపర్‌ని నమ్మకండి. ఒక చుక్క ఎంత లావుగా పడుతుందో అది పిండే చెయ్యిని బట్టి ఉంటుంది.

క్యాన్‌తో లెక్క తేలిక. 355 మి.లీ. క్యాన్‌లో 10 మి.గ్రా. ఉంటే నాలుగో వంతు, అంటే 89 మి.లీ.లో 2.5 మి.గ్రా. క్యాన్‌ని తెరిచే ముందు రెండు మూడు సార్లు మెల్లగా తలకిందులు చేయండి, కుదపకండి. గ్లాసుని త్రాసు మీద పెట్టి సున్నా చేసి 89 గ్రాములు వచ్చేదాకా పోయండి. తియ్యని డ్రింకు నీళ్ళకన్నా కాస్త బరువుంటుంది గానీ మన పనికి ఆ తేడా లెక్కలోది కాదు.

పొడి ప్యాకెట్‌లో 10 మి.గ్రా. ఉంటే 40 మి.లీ. గోరువెచ్చటి నీళ్ళలో పూర్తిగా కరిగేదాకా కలపండి. అందులో 10 మి.లీ. మన మోతాదు. మిగిలిన 30 మి.లీ. మూత బిగుతుగా ఉన్న సీసాలో పోసి, పేరు, తేదీ, మోతాదు రాసి, తాళం ఉన్న పెట్టెలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుతాను. ఆదివారం రాత్రికి మిగిలితే పారబోస్తాను. ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించమని కొందరు చెబుతారు. దయచేసి ఆ పని చేయకండి. ఐస్ ముక్కకి లేబుల్ ఉండదు.

నూనె సీసాలో లెక్క తప్పేది ఇక్కడే. లేబుల్ మీద రెండు అంకెలు ఉండొచ్చు: టీహెచ్‌సీ, మొత్తం టీహెచ్‌సీ. వేడి తగిలాక ఎంత అవుతుందో రెండోది చెబుతుంది. దాన్నే లెక్కలోకి తీసుకోండి. మిల్లీలీటరుకి 10 మి.గ్రా. ఉంటే 0.25 మి.లీ. లాగితే సరిపోతుంది. 30 మి.గ్రా. ఉంటే 0.08 మి.లీ. కావాలి. అంత చిన్న కొలతలో ఒక గీత అటూఇటూ అయినా మోతాదులో ఎనిమిదో వంతు తేడా వస్తుంది. అలాంటప్పుడు ఆ నూనె 1 మి.లీ. తీసుకుని, అదే రకం మామూలు ఎంసీటీ నూనె 11 మి.లీ.లో కలపండి. 30 మి.గ్రా. 12 మి.లీ.లోకి వచ్చింది, కాబట్టి ఇప్పుడు 1 మి.లీ. అంటే సరిగ్గా 2.5 మి.గ్రా. సీసా మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఈ ఒక్క చిట్కా నాకు చాలా టెన్షన్ తగ్గించింది.

కలిపే ప్రతిసారీ గ్లాసు ఒక్కొక్కటిగా కలపండి. జగ్గులో పది మందికి ఒకేసారి కలపడం, ఎంత బాగా తిప్పినా, నాకు ధైర్యం చాలదు.

అల్లం నిమ్మ సోడా

నేను ఎక్కువగా చేసుకునేది ఇదే. ఈ చుక్కలకీ పొడికీ నాలుక మీద ఒక పచ్చి చేదు ఉంటుంది, మెంతికూర కాడ నమిలినట్టు. దాన్ని తీపితో కప్పాలని చూస్తే చేదు, తీపి రెండూ విడివిడిగా నోట్లో మిగులుతాయి. పులుపు, ఉప్పు, అల్లం ఘాటు కలిస్తేనే ఆ చేదు అణుగుతుంది. మన నిమ్మ సోడా ఈ పనికే పుట్టిందా అనిపిస్తుంది.

ఇక్కడి సూపర్‌మార్కెట్‌లో పసుపు రంగు పెద్ద నిమ్మకాయ మన నిమ్మకాయ కాదు. ఇండియన్ స్టోర్‌లో దొరికే చిన్న పచ్చ కాయలు తీసుకోండి. ఒకటిన్నర కాయ రసం చాలు. బొటనవేలంత అల్లం చెక్కు తీసి సన్నగా తురిమి, పలచటి గుడ్డలో పెట్టి గట్టిగా పిండితే రెండు చెంచాల రసం వస్తుంది. ఆ రసాన్ని రెండు నిమిషాలు కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి పిండి పేరుకుంటుంది, పైది వంచుకోండి. బెల్లం పాకం రెండు చెంచాలు, నల్ల ఉప్పు చిటికెడు.

ఇక క్రమం. గ్లాసులో నిమ్మరసం, అల్లం రసం, పాకం, ఉప్పు వేసి కలపండి. అందులో కొలిచిన టీహెచ్‌సీ వేసి అర నిమిషం బాగా తిప్పండి. ఐస్ వేయండి. చివర 200 మి.లీ. చల్లటి సోడా గ్లాసు అంచు మీదుగా జారవిడిచి, చెంచాని ఒక్కసారి అడుగునుంచి పైకి ఎత్తండి. సోడా ముందు పోసి తరవాత టీహెచ్‌సీ వేస్తే, కలపడానికి తిప్పి తిప్పి గ్యాసంతా పోతుంది. తిప్పకపోతే మోతాదు అంతా పైనే ఉంటుంది.

ఒక జాగ్రత్త: గ్రేప్‌ఫ్రూట్ రసం, అంటే ఇక్కడ పొద్దున ఫలహారంలో తినే ఆ పెద్ద పుల్లటి నారింజ జాతి పండు, దీంట్లో వాడకండి. మందుల్నీ టీహెచ్‌సీనీ కాలేయంలో విరగ్గొట్టే ఎంజైముల్లో ఒకదాన్ని అది అడ్డుకుంటుంది. పంపర పనసకీ కాస్త ఆ గుణం ఉంది.

నన్నారి షర్బత్

చిత్తూరు, కడప వైపు పెరిగినవాళ్ళకి వేసవిలో బండి మీద నన్నారి షర్బత్ తెలియనిది కాదు. సుగంధిపాల వేళ్ళతో చేసే ఆ పాకం సీసాలు ఇక్కడి ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి. దీనికి రుచి, రంగు ఏమీ కలపని టీహెచ్‌సీ సోడా క్యాన్ బాగా కుదురుతుంది. నన్నారి పాకం 25 మి.లీ., ఒక నిమ్మకాయ రసం, పైన చెప్పినట్టు తూచిన 89 మి.లీ. క్యాన్ సోడా, మామూలు సోడా 120 మి.లీ. నానబెట్టిన సబ్జా గింజలు ఒక చెంచా. మంచు కురిసే రోజున ఈ వాసన ముక్కుకి తగిలితే ఏ మిల్లీగ్రాములూ లేకుండానే మనసు కుదుటపడుతుంది.

తెరిచిన క్యాన్‌లో మిగిలిన మూడు వంతులు అలాగే ఫ్రిజ్ తలుపులో పెట్టేయకండి. మూతపడే సీసాలోకి మార్చి, లేబుల్ రాసి, తాళంలో పెట్టండి. ఈ ఇబ్బంది వద్దనుకుంటే మొదట్నుంచీ 2.5 మి.గ్రా. క్యానే కొనడం మేలు. డబ్బు కాస్త ఎక్కువైనా ఇంట్లో పిల్లలున్నవాళ్ళకి నేను అదే చెబుతాను.

మసాలా మజ్జిగ

తీపి వద్దనుకునే రోజున ఇది. అర కప్పు పుల్లటి పెరుగు, కప్పు నీళ్ళు, అల్లం ముక్క, సగం పచ్చిమిర్చి, నాలుగు కరివేపాకులు, ఉప్పు, ఇంగువ చిటికెడు, అన్నీ మిక్సీలో తిప్పి వడగట్టండి. గ్లాసులో పోశాక నీళ్ళలో కలిసే చుక్కలు వేసి కవ్వంతోనో చిన్న విస్క్‌తోనో చిలకండి. మిక్సీలో ఉన్నప్పుడే వేస్తే జార్ గోడలకీ వడకట్టుకీ కొంత అంటుకుని కొలత పోతుంది. చేదు అస్సలు తెలియనిది ఈ మజ్జిగలోనే. అదే దీనిలో ప్రమాదం కూడా. మామూలు మజ్జిగకీ దీనికీ రుచిలో తేడా ఉండదు కాబట్టి కలిపిన గ్లాసు వెంటనే తాగేయాలి, బల్ల మీద వదిలి వెళ్ళకూడదు.

బాదం పాలు

నూనె సీసా పనికొచ్చేది ఇక్కడ. పది బాదం పప్పులు నానబెట్టి తొక్క తీసి, రెండు చెంచాల పాలతో మెత్తగా రుబ్బుకోండి. 200 మి.లీ. చిక్కటి పాలు, ఇక్కడ 3.25 శాతం అని అమ్మేవి, కాచి, ఏలకుల పొడి, నాలుగు కుంకుమపువ్వు రేకలు, రెండు చెంచాల పంచదార వేసి దించండి. పాలు వేలు పెట్టగలిగేంత చల్లారాక, వేరే గిన్నెలో బాదం ముద్ద తీసుకుని కొలిచిన నూనె అందులో వేసి చెంచా వెనకతో ఒక నిమిషం నూరండి. ముద్ద మెరుపు పోయి మళ్ళీ మసకబారితే నూనె కలిసినట్టు. అప్పుడు పాలు కొద్దికొద్దిగా పోస్తూ చిలకండి. ముద్దలో కలపకుండా నేరుగా పాలలో వేస్తే పైన పసుపుపచ్చ కళ్ళు తేలతాయి. అవి కనబడ్డాయంటే కొలత గ్లాసు పైభాగంలో ఉందన్నమాట.

కాచే వేడికి టీహెచ్‌సీ పూర్తిగా పాడైపోదు గానీ, పొంగే పాలలో వేస్తే గిన్నెకి ఎంత అంటిందో తెలియదు. అందుకే చల్లారాక. గ్లాసు అడుగున మిగిలిన ముద్దని చెంచాతో తీసి తినండి, మోతాదులో కొంత అక్కడే ఉంటుంది. కొవ్వుతో తాగినప్పుడు ఎక్కడం ఆలస్యం అవుతుంది, ఎక్కాక బలంగా కూడా ఉండొచ్చు. సోడాలో 2.5 మి.గ్రా. సరిపోయినవాళ్ళు బాదం పాలలో మొదటిసారి సగమే వేసుకుని చూడండి.

పానకంలో కలపొచ్చా అని ఒకరిద్దరు అడిగారు. శ్రీరామనవమి ప్రసాదంలో ఇలాంటివి కలపడానికి నా చెయ్యి రాదు. ఇంట్లో అందరూ, పిల్లలతో సహా, చెయ్యి చాపి తీసుకునే గ్లాసు అది.

ఆగడం

నోటి ద్వారా తీసుకున్న టీహెచ్‌సీ కడుపులోంచి కాలేయానికి వెళ్ళి, అక్కడ 11-హైడ్రాక్సీ-టీహెచ్‌సీగా మారుతుంది. మెదడు మీద అది గట్టిగా పనిచేస్తుంది. హెల్త్ కెనడా లెక్క ప్రకారం ప్రభావం తెలియడానికి 30 నిమిషాలనుంచి 2 గంటలు, పూర్తిగా ఎక్కడానికి 4 గంటల దాకా పట్టొచ్చు. 12 గంటల దాకా ఉండొచ్చు, కొంత మిగులు 24 గంటల దాకా. నీళ్ళలో కలిసే రకాలు చాలామందికి ఇంకా త్వరగా, పదిహేను ఇరవై నిమిషాల్లోనే తెలుస్తాయి. కానీ ఆ రోజు ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు అన్నదాన్ని బట్టి ఇది మారుతుంది. త్వరగా తెలుస్తుందన్న ధీమాతో రెండో గ్లాసు కలపకండి.

ఈ పాఠం నేను కష్టపడి నేర్చుకున్నాను. మొదటిసారి 5 మి.గ్రా. తాగి, నలభై నిమిషాలు చూసి, ఏమీ లేదని ఇంకో 5 తాగాను. రాత్రి పదిన్నరకి రెండూ కలిసి వచ్చాయి. గుండె దడ చెవుల్లో వినబడింది. నిమిషం గంటలా సాగింది. బాత్రూమ్ నేల మీద, చల్లటి టైల్స్‌కి వీపు ఆనించి కూర్చున్నాను. నా భార్య పక్కనే కూర్చుని "ఊపిరి లెక్కపెట్టండి, నేను ఇక్కడే ఉన్నాను" అంటూ ఉండిపోయింది. తెల్లవారేదాకా నాకు ఆ మాటే ఆధారం.

అందుకే పోయిన క్రిస్మస్ సెలవుల్లో ఎడ్మంటన్‌నుంచి మా తోడల్లుడు వచ్చినప్పుడు గ్లాసు చేతికిచ్చిన వెంటనే పొయ్యి మీది టైమర్ రెండు గంటలకి పెట్టాను. అనుకున్నట్టే అడిగాడు.

"అన్నయ్యా, ముప్పావుగంట అయింది, నాకేం తెలియట్లేదు. ఇంకొంచెం వేసుకోనా?"

"వద్దు తమ్ముడూ. టైమర్ మోగనీ."

మోగకముందే సోఫాలో కాళ్ళు చాపుకుని "చాలన్నయ్యా, ఇదే బాగుంది" అన్నాడు. అంతకుమించి ఏమీ కావాలనిపించని చోటు ఒకటి ఉంటుంది. భుజాలు కిందికి దిగుతాయి, పాట కాస్త దగ్గరగా వినబడుతుంది, మాట తడబడదు. తక్కువ మోతాదు అంటే అది. దాన్ని దాటి వెళ్ళడానికి నాకు కారణం కనబడదు.

ఈ పానీయం తాగే రోజు మొదట అన్నం తినండి. ఖాళీ కడుపుతో వద్దు. మద్యం అస్సలు కలపొద్దు, అదే సాయంత్రం ఒక్క బీరు కూడా. రెండూ కలిస్తే టీహెచ్‌సీ రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది, తల తిరుగుడు, వాంతులు అప్పుడే. ఇల్లు ఊడ్చే పని, పొయ్యి మీద నూనె, రేపటి ఆఫీసు మెయిల్ ఇవేవీ పెట్టుకోకండి. ప్రతి రోజూ తాగకండి. రోజూ తాగితే ఒళ్ళు అలవాటుపడి 2.5 చాలదు, 5 చాలదు, అది లేకపోతే నిద్ర పట్టదు. నిద్ర కోసమే దీన్ని పట్టుకున్నవాళ్ళు విడవడానికి పడే అవస్థ నేను దగ్గరగా చూశాను. నేను నెలకి రెండు మూడు సార్లు దాటను.

కారు తాళాలు

గ్లాసు కలపకముందే కారు తాళాలు దూరంగా పెట్టండి. ఆ రాత్రి నడపొద్దు, మర్నాడు తల బరువుగా ఉంటే అప్పుడూ వద్దు. రక్తంలో మిల్లీలీటరుకి 2 నానోగ్రాముల టీహెచ్‌సీ ఉన్నా నేరమే, 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఇంకా పెద్ద నేరం. ఒంటారియోలో 21 ఏళ్ళు, అంతకన్నా తక్కువ వయసువాళ్ళకీ, జీ1, జీ2 అనే కొత్త డ్రైవర్ల లైసెన్సు ఉన్నవాళ్ళకీ ఏమాత్రం ఉండకూడదు. మనవాళ్ళు చాలామంది ఇక్కడికి వచ్చిన మొదటి ఏళ్ళలో జీ2 మీదే ఉంటారు.

చాలామందికి తెలియని ఇంకో విషయం. 2018 డిసెంబరు 18నుంచి మత్తులో నడిపే నేరానికి గరిష్ఠ శిక్ష పదేళ్ళయింది. దానివల్ల ఇమ్మిగ్రేషన్ చట్టం కింద అది తీవ్ర నేరాల్లో చేరింది. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళు, చివరికి పీఆర్ (శాశ్వత నివాసం) ఉన్నవాళ్ళు కూడా, ఒక్క రాత్రి డ్రైవింగ్ వల్ల దేశం విడిచి వెళ్ళాల్సిన పరిస్థితి రావచ్చు. పాలు అయిపోయాయా? రేపు తెచ్చుకోవచ్చు.

ఎక్కువైతే

ఎక్కువైందనిపిస్తే ముందు తెలుసుకోవలసింది, అది తగ్గుతుంది. దీపం తగ్గించి, ఒక పక్కకి తిరిగి పడుకుని, నీళ్ళు గుక్కగుక్కగా తాగండి. పక్కన ఒక మనిషి ఉండాలి. లేచేటప్పుడు మెల్లగా లేవండి, బీపీ పడిపోయి కింద పడేది అప్పుడే. సలహాకి కెనడా పాయిజన్ సెంటర్ నంబరు 1-844-764-7669, క్యుబెక్‌లో అయితే 1-800-463-5060. గుండెల్లో నొప్పి, స్పృహ తప్పడం, ఆగని వాంతులు, లేనిది కనబడటం, ఊపిరి ఇబ్బంది ఏది ఉన్నా 911కి ఫోన్ చేయండి. ఏం తాగారో, ఎంత తాగారో, ఎప్పుడు తాగారో దాచకుండా చెప్పండి. చట్టబద్ధంగా కొన్నదాన్ని చెప్పడానికి భయపడక్కర్లేదు.

పిల్లలు పొరపాటున తాగారని అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఎదురుచూడకండి. వెంటనే ఫోన్. పెద్దవాళ్ళకి హాయిగా ఉండే మోతాదే పసివాళ్ళని లేపినా లేవనంత మగతలోకి దించగలదు.

దాచడం

మా ఇంట్లో ఫ్రిజ్ కింది అరలో చిన్న ఇనప పెట్టె ఉంటుంది, నంబరు తాళంతో. కొన్నవి, కలిపినవి, సిరంజి అన్నీ అందులోనే. నూనె సీసా ఎండ తగలకుండా అందులోనే ఉంటే ఎక్కువ కాలం నిలుస్తుంది కూడా. గ్లాసులు వేరు: నీలం రంగువి రెండు, వాటిలో ఇంకేమీ పోయం, ఆ గ్లాసులో ఉన్నది ఎవరూ ముట్టుకోరు.

పోయిన వేసవిలో మా అత్తయ్యగారు, మామయ్యగారు గుంటూరునుంచి సూపర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు ఉన్నారు. మామయ్యగారికి స్టెంటు వేశారు, రక్తం పలచబడే మందు వాడతారు. రాత్రి దాహం వేస్తే ఫ్రిజ్ తెరిచి కనబడిన మజ్జిగ తాగడం ఆయన అలవాటు. ఆ ఆరు నెలలూ మా ఇంట్లో ఆ పెట్టె ఖాళీగా ఉంది. తాళం ఉంది కదా అని నేను అనుకోవచ్చు, కానీ ఆ నీలం గ్లాసు ఒక్కసారి సింక్ పక్కన మరిచిపోతే చాలు. వాళ్ళు వెళ్ళాక రెండు వారాలకి మళ్ళీ ఒక శుక్రవారం అల్లం తురిమాను.

తాగాక గ్లాసు, చెంచా, సిరంజి వెంటనే వేడి నీళ్ళతో, సబ్బుతో కడిగేయండి. సిరంజిలో నూనె మిగిలితే వచ్చేసారి కొలత తప్పుతుంది. ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. తేదీ, ఏ పానీయం, ఎన్ని మిల్లీగ్రాములు, అంతకుముందు ఏం తిన్నారు, ఎన్ని నిమిషాలకి తెలిసింది, పొద్దున ఎలా లేచారు. నాలుగైదు సార్లు రాస్తే మీ ఒంటికి ఎంత సరిపోతుందో మీ చేతిరాతలోనే కనబడుతుంది. నా పుస్తకంలో ఆఖరి పేజీ: "శుక్రవారం. అల్లం సోడా, 2. పప్పు, వంకాయ వేపుడు, ఏడింటికి భోజనం. 25 నిమిషాలు. పొద్దున ఆరున్నరకి మెలకువ, తల తేలిక."